అరగ్రాము వెండి కొక్కెం – దాని వెనుక పరపతి

గ్రామీణ పరపతిని గురించి ప్రస్తావన వచ్చినప్పుడు మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చేవి పంట ఋణాలు, పాడి పశువులు, బావి మోటార్లు. చేతివృత్తుల ప్రసక్తి ఆ తరువాతిది. అందులో వెండిపని మరీ చివరిది. ఆ వెండిపనిలోనూ చెవి జూకాకు తగిలించే సన్నని తీగ కొక్కెం, అనగా వాడుకలో మనం హుక్కు అనే వస్తువు, ఎవరి లెక్కలోనూ చేరదు. పనివాని పద్దులో అది జూకాలో భాగం. వర్తకుని పద్దులో అది తరుగుతో సమానం. బ్యాంకు శాఖ తయారుచేసే పథక నివేదికలో దానికి ఒక వరుస కూడ ఉండదు. అరగ్రాము బరువుండే ఈ వస్తువును గురించి ఇంత వ్రాయవలసిన పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్న నాకు కూడ కొంతకాలం క్రితం కలిగి ఉండేదే. దానికి సమాధానం నాకు ఢిల్లీలో దొరికినది.

దక్షిణ ఢిల్లీలో కుతుబ్ మీనారుకు, ఐ.ఐ.టి.కి దాపున కటవారియా సరాయ్ అనే ఊరు ఉన్నది. ఊరు అనడం అలవాటు చొప్పున మాత్రమే. నగరం నాలుగు వైపులా పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఆ పేరు నేటికీ సార్థకమే. దేశం నలుమూలల నుండి పోటీ పరీక్షలకు చదువుకొనడానికి వచ్చిన యువతీయువకులు అక్కడి ఇరుకు సందులలోని అద్దె గదులలో ఉంటారు. వారిలో మన తెలుగు పిల్లలు కూడ ఉన్నారు. నా మేనకోడలు అక్కడ ఉండి చదువుకొనే రోజులలో చూడబోయినాను. ఆమె చెవులు రెండూ ఎర్రగా వాచి ఉన్నవి. ఒక ప్రదర్శనలో వెండి జూకాలు అని కొన్నదట. అల్లిక నిజంగా వెండిదే, చక్కని తీగపని. కాని కొక్కెం వెండిది కాదు. పై పూత పోయి లోపలి పచ్చలోహం బయటపడినది.

"మామయ్యా, వెండి అని చెప్పే ఇచ్చారు గదా, మరి చెవి ఎందుకు పుండైంది?" అని ఆ పిల్ల అడిగినది. జూకా చేసిన పనివాడెవరో ఆమెకు తెలియదు. ఆమె నింద మాత్రం అతనికే చేరినది. "ఇకమీదట చేతిపని వస్తువులు కొనను" అన్నది. అరగ్రాము కొక్కెం ఒక వృత్తికి ఒక కొనుగోలుదారును దూరం చేసినది. ఈ వ్యాసానికి కారణం అదే.

జూకా ఒకచోట, కొక్కెం మరొకచోట

మన ప్రాంతంలో వెండి తీగపనికి పెట్టినది పేరు కరీంనగర్. ఎలగందులలో వేళ్ళూనుకొని కరీంనగర్‌కు తరలివచ్చిన ఈ కళకు రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నదని చెబుతారు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇదే జాతికి చెందిన కటక్ తారకసి పనికి 2024లో ఆ గుర్తింపు దక్కినది. పన్నీరుబుడ్లు, అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్ళెరాలు, వాటితోపాటు జూకాలు, పతకాలు ఈ పనివారి చేతిలో రూపుదిద్దుకొంటవి. కొంచెం లావు తీగతో చట్రం కట్టి, రెండు సన్నని తీగలను పురిపెట్టి అణచి, ఆ తీగను ఆకులుగా, తీగెలుగా వంచి చట్రంలో ఇమిడ్చి, వెలిగారం, టంకం పొడి చల్లి, ఊదుగొట్టంతో మంట పట్టించి అతుకుతారు.

మేనకోడలి జూకాలను తీసుకొని వచ్చి, ఆ పని తెలిసిన ఒక పెద్దాయనకు చూపించినాను. ఆయన వాటిని అటూ ఇటూ త్రిప్పి చూసి, "సారూ, మా కాలంల జూకా చేసినోడే కొక్కెం గూడ పెట్టేటోడు. ఇప్పుడు షావుకారు ఉత్త జూకానే తూకమేసి తీస్కపోతడు. కొక్కెం పట్నంల ఏడనో పెట్టిస్తడు. పేరు మాది, పుండు మాది" అన్నాడు. ఈ మాటలో ఉన్న ఆర్థికశాస్త్రాన్ని మనం శ్రద్ధగా గ్రహించవలసి ఉన్నది.

పనివాడు కొక్కెం చేయడం ఎందుకు మానివేసినాడు? చేతకాక కాదు. జూకాకు మజూరీ గ్రాముల లెక్కన ఇస్తారు. ఉదాహరణకు గ్రాముకు 20 రూపాయలు మజూరీ అనుకొందాము. అరగ్రాము తూగే కొక్కేల జతకు పది రూపాయలు మాత్రమే వస్తవి. కాని ఆ జతకు పట్టే శ్రమ గ్రాముల లెక్కకు లొంగేది కాదు. బరువును బట్టి కూలి కట్టే పద్ధతి బరువైన నగకు న్యాయం చేస్తుంది, తేలికైన నగకు అన్యాయం చేస్తుంది. అందుచేత పనివాడు కొక్కేన్ని వదలుకొన్నాడు. వర్తకుడు చౌక కొక్కేన్ని వెదకుకొన్నాడు.

కొక్కెం చేయడంలో ఉన్న పని

ఈ శ్రమ ఏమిటో ఋణగ్రహీతలకు తెలిసినదే అయినా, వర్తకుల కోసమూ బ్యాంకు సిబ్బంది కోసమూ చెప్పడం అవసరం. తీగ అల్లికకు మెత్తని, స్వచ్ఛత హెచ్చుగా ఉన్న వెండి కావాలి. మెత్తనిదైతేనే అది పురికి, వంపుకు లొంగుతుంది. అదే వెండితో కొక్కెం చేస్తే నాలుగు రోజులలో సాగి విచ్చుకొని జూకా రాలిపోతుంది. కొక్కేనికి రాగి కలిపి గట్టిపరచిన వెండి అవసరం. వేయి పాళ్ళలో 925 పాళ్ళు వెండి, తక్కిన 75 పాళ్ళు రాగి ఉండే మిశ్రమం లోకమంతటా వాడుకలో ఉన్నది. నూరు గ్రాముల మేలిమి వెండికి సుమారు 8.1 గ్రాముల రాగి కలిపితే ఈ పాళ్ళు కుదురుతవి.

మూసలో కరిగించి పోసిన కడ్డీని సాగగొట్టి కమ్మచ్చు రంధ్రాలలో ఒకదాని తరువాత ఒకటిగా లాగుతారు. తీగ మందం సగమైతే పొడవు నాలుగు రెట్లవుతుంది. లాగిన కొద్దీ తీగ బిరుసెక్కుతుంది. నడుమ నడుమ కుంపటిలో మసక ఎరుపు వచ్చేవరకు, అనగా సుమారు 650 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వరకు, కాల్చి మెత్తబరచాలి. అయితే చివరి రెండు మూడు రంధ్రాలు లాగిన పిమ్మట కాల్చరాదు. ఆ మిగిలిన బిరుసే కొక్కేనికి పట్టునిస్తుంది. ఈ ఒక్క సూక్ష్మం తెలియని చోట కొక్కేలు విచ్చుకొంటవి.

ఆ తరువాత 0.8 మిల్లీమీటరు మందపు తీగను అయిదేసి సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించాలి. ఒక కొనను చిన్న వలయంగా చుట్టాలి, లేదా కరిగించి గుండుగా చేయాలి. గుండ్రని కడ్డీపై వంపు తీయాలి. రెండు కొక్కేలూ ఒకే వంపులో ఉండాలి. లేనియెడల జూకాలు హెచ్చుతగ్గులుగా వ్రేలాడుతవి. వంపును దాగలి మీద కొయ్యసుత్తితో మెల్లగా తట్టి గట్టిపరచాలి. చివరగా, చెవిలోకి పోయే కొనను ఆకురాయితోను, సన్నని గరుకు కాగితంతోను గుండ్రంగా నునుపు చేయాలి. కత్తిరించిన తీగ అంచు కంటికి కనిపించదు గాని చెవి తమ్మెను లోపల గీరుతుంది. కుంకుడు రసంతో కడిగి మెరుగు పెడితే పని ముగుస్తుంది. అర గ్రాము వెండిలో ఇన్ని మెట్లు ఉన్నవి.

చౌక కొక్కెం నిజంగా చౌకా?

వర్తకుల వాదాన్ని కూడ న్యాయంగా వినవలసి ఉన్నది. యంత్రంతో వంచిన కొక్కేలు గుట్టలుగా దొరుకుతవి. పాత ఢిల్లీలోని దరీబా కలాన్ వీధి వెండి వర్తకానికి తరతరాలుగా ప్రసిద్ధి. అక్కడ మంచి వెండి సరకు తూకానికి లభిస్తుంది. యంత్రం చేసిన వెండి కొక్కెం పెట్టినందువల్ల తప్పేమీ లేదు. ఇత్తడికో రాగికో నికెల్ పూత పూసినదానిని పెట్టి, మొత్తాన్ని వెండి అని అమ్మడమే తప్పు. నికెల్ తగిలితే కొందరి చర్మం దద్దురు పొంగి పుండవుతుంది. యూరపు దేశాల సమాఖ్య 1994లోనే చర్మానికి తగిలే వస్తువుల నుండి వెలువడే నికెల్‌కు పరిమితి విధిస్తూ నిబంధన చేసినది. విదేశాలకు సరకు పంపదలచిన వర్తకులు దీనిని మరువరాదు. మరొక మాట: జర్మన్ సిల్వర్ అనే లోహంలో వెండి అణువంతైనా ఉండదు. అది రాగి, నికెల్, తుత్తునాగాల మిశ్రమం. ఆ పేరు విని మోసపోయిన వారు ఇంకను ఎందరో ఉన్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాము. 0.8 మిల్లీమీటరు తీగ పది సెంటీమీటర్లు, అనగా ఒక జత, సుమారు 0.52 గ్రాము తూగుతుంది. అందులో మేలిమి వెండి 0.48 గ్రాము. కిలో వెండి లక్ష రూపాయలున్నప్పుడు జతలోని వెండి విలువ 48 రూపాయలు. రెండు లక్షలైతే 96 రూపాయలు. నూరు గ్రాముల తీగలో తరుగు పోను ఇంచుమించు 180 జతలు వస్తవి. తీగ మందం 0.9 మిల్లీమీటరుకు పెరిగితే బరువు నాలుగింట ఒక వంతుకు మించి హెచ్చుతుంది. కాబట్టి మందం ఎంతో వ్రాతపూర్వకంగా చెప్పకుండా ధర మాట్లాడుకోవడం ఇరుపక్షాలకూ నష్టకరం. వేల రూపాయల జూకాకు ఈ పాటి అదనపు ఖర్చు భారం కాదని నా అభిప్రాయం. భారమైన చోట ఉక్కు కొక్కెం పెట్టి, ఉక్కు అనే బిల్లులో వ్రాయవచ్చు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పి అమ్మిన వర్తకుని ఎవరూ తప్పు పట్టరు.

ధర పెరిగితే పనివాడు ఎందుకు పేదవాడవుతాడు?

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. వెండి ధర పెరిగితే వెండి పనివానికి లాభమని పైవారు అనుకొంటారు. నిజం దీనికి విరుద్ధం. 2025లో కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటి, సంవత్సరాంతానికి రెండు లక్షలను కూడ దాటినది. యాభై వేల రూపాయల ఋణంతో ఆ సంవత్సరం తొలి నెలలలో సుమారు అరకిలో వెండి కొనగలిగిన వానికి, చివరి నెలలో పావుకిలో మాత్రమే వచ్చినది. అప్పు అంతే ఉన్నది, కొలిమి అంతే ఉన్నది, చేతులు అవే, పని సగమైనది. మిగిలిన సగం రోజులకు పని కావాలంటే షావుకారు వెండి తెచ్చి ఇవ్వాలి. అప్పుడు స్వంత సరకు చేసుకొనేవాడు కూలివాడవుతాడు. కూలివాడు కొక్కేన్ని గురించి పట్టుబట్టలేడు.

అరువు అమ్మకంలో మరొక గండం ఉన్నది. గ్రాము 100 రూపాయల చొప్పున వెండి కొని, 30 రూపాయలు మజూరీ కలిపి 130 రూపాయలకు సరకు ఇచ్చినాడనుకొందాము. డబ్బు మూడు నెలలకు చేతికి వచ్చినది. అప్పటికి వెండి గ్రాము 130 రూపాయలైనది. వచ్చిన డబ్బుతో అతడు అదే వెండిని తిరిగి కొనగలడు. కాని మూడు నెలల కూలి ఏమైనది? వెండి మిగిలినది, కూలి కరిగిపోయినది. పద్దులో నష్టం కనిపించదు. ఇంటిలో మాత్రం కనిపిస్తుంది.

దీనికి విరుగుడు మన పెద్దల అలవాటులోనే ఉన్నది: వెండికి వెండి, కూలికి డబ్బు. సరకు ఇచ్చిన నాడు ఎన్ని గ్రాముల మేలిమి వెండి ఇచ్చినాడో అన్ని గ్రాములు వర్తకుడు తిరిగి ఇవ్వాలి, లేదా చెల్లించే నాటి ధర కట్టాలి. మజూరీ వేరుగా, నగదుగా ఇవ్వాలి. ఈ ఏర్పాటులో ధర పెరిగినా పడినా ఎవరి కూలీ పోదు.

ధర పడుతుందా అని ఎవరైనా సందేహించవచ్చు. 2011 ఏప్రిల్ చివరలో ఔన్సు 49 డాలర్ల దరిదాపునకు చేరిన వెండి, మే మొదటి వారం ముగిసేసరికి 35 డాలర్ల స్థాయికి దిగినది. పెరుగుదలను నమ్ముకొని అప్పు చేసి వెండి నిలవ చేయడం పనివాని వృత్తి కాదు. అతడు అమ్మవలసినది తన నైపుణ్యాన్ని. లోహం ధరపై పందెం కాదు.

బ్యాంకులు చేయదగినవి

వృత్తి కళాకారుల కొరకు 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో స్వర్ణకారుల వృత్తి కూడ ఒకటి. శిక్షణతోపాటు పనిముట్ల కొరకు 15,000 రూపాయల ప్రోత్సాహకం, 5 శాతం వడ్డీపై మొదట లక్ష రూపాయలు, దానిని తీర్చిన పిమ్మట రెండు లక్షల వరకు పూచీకత్తు లేని ఋణం అందులో ఉన్నవి. కమ్మచ్చు, చిన్న త్రాసు, తీగ లాగే మర వంటి వాటికి ఇది మేలైన మార్గం. అయితే మొదటి లక్షను 18 నెలలలో తీర్చాలి. అసలు క్రిందనే నెలకు సుమారు 5,556 రూపాయలు. పనిముట్లకు ఈ పద్ధతి తగినదే. కాని మూడు నెలల అరువుపై ఢిల్లీకి పోయే వెండికి నెలసరి వాయిదా సరిపడదు. లోహం కొనుగోలుకు, సరకు అమ్ముడైనప్పుడు కట్టి అవసరమైనప్పుడు మళ్ళీ తీసుకొనే నగదు పరపతి ఖాతాయే తగినది. పంట ఋణానికి కోత కాలాన్ని చూసి గడువు పెట్టే బ్యాంకు, వెండి పనివానికి పెళ్ళి ముహూర్తాల మాసాలను, ఉత్తరాదిలో ధన త్రయోదశి కొనుగోళ్ళను చూసి గడువు పెట్టలేదా?

రెండవది, పరిమితిని రూపాయలలోనే గాక గ్రాములలో కూడ అంచనా వేయాలి. "ఈ పనివానికి మూడు నెలల చక్రానికి ఇన్ని గ్రాముల వెండి కావాలి" అని నిర్ణయించి, ఏటేటా ధరను బట్టి రూపాయల పరిమితిని సవరించాలి. ధర పడినప్పుడు తగ్గించే అధికారం కూడ బ్యాంకుకు ఉండాలి. బంగారు నగల పరిశ్రమకు లోహరూపంలో అప్పిచ్చే పద్ధతి మన బ్యాంకులలో ఉన్నది. పనివారి సంఘాల ద్వారా వెండికి కూడ అటువంటి ఏర్పాటును చిన్న ఎత్తున పరీక్షించి చూడడం అసాధ్యం కాదు.

మూడవది, తాకట్టు విషయం. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బంగారం, వెండి తాకట్టు ఋణాలపై నూతన ఆదేశాలు వెలువరించి, వాటిని పాటించడానికి 2026 ఏప్రిల్ 1 గడువుగా పెట్టినది. వాటి ప్రకారం వెండి ఆభరణాలపైన, నాణేలపైన అప్పు ఇవ్వవచ్చు. కడ్డీలు మొదలైన ముడి రూపంలోని వెండిపై ఇవ్వరాదు. ఒక ఋణగ్రహీత తాకట్టు పెట్టదగిన వెండి ఆభరణాలు పది కిలోలకు మించరాదు. రెండున్నర లక్షల రూపాయల లోపు అప్పుకు తాకట్టు విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చు. ఇది ఇంటి అక్కరకు ఆదుకొనే మార్గమే. కాని అమ్మకానికి చేసిన సరకును తాకట్టు పెట్టి ఇంటి ఖర్చు గడపడం విత్తనాల ధాన్యాన్ని వండుకొనడం వంటిది. ఋణగ్రహీతలు ఈ భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి.

పనివారు, వర్తకులు చేయదగినవి

పనివారు ఒక చిన్న పద్దు పుస్తకం ఉంచుకోవాలి. అల్లిక వెండి వేరు, కొక్కెం వెండి వేరు. స్వచ్ఛత భేదం ఉన్నందున రెంటినీ ఒకే తూకంలో కలుపరాదు. ఆకురాయి పొడిని, నేల ఊడ్చిన దుమ్మును పారవేయక కూడబెట్టాలి. జలగడుగువారు దుమ్ములో నుండి వెండి తీసి బ్రతికినారంటే ఆ దుమ్ములో ఎంతో కొంత ఉన్నదనే గదా అర్థం. ఈ పుస్తకం రేపు బ్యాంకు శాఖలో పనివాని పక్షాన సాక్ష్యం చెబుతుంది.

తీగ లాగడం, కాల్చడం కొలిమి దగ్గరి పని. కత్తిరించడం, వంచడం, కొనలు నునుపు చేయడం, జతలు కూర్చడం ఇంటి పట్టున చేయదగిన పనులు. స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయత్నాన్ని నాబార్డు 1992లో ప్రారంభించినది. ఆ సంఘాలలోని మహిళలకు ఈ పనిలో శిక్షణ ఇచ్చి, జతల లెక్కన కూలి కట్టితే కొక్కెం తిరిగి జూకా పుట్టిన ఊరికే చేరుతుంది.

వర్తకులకు నా మనవి రెండు మాటలు. కొక్కేనికి మజూరీ గ్రాముకు కాదు, జతకు కట్టండి. బిల్లులో జూకా లోహమేదో, కొక్కెం లోహమేదో వేరువేరుగా వ్రాయండి. 2025 సెప్టెంబరు 1 నుండి వెండి వస్తువుల హాల్‌మార్కుకు విడి గుర్తింపు సంఖ్య జోడించే పద్ధతి స్వచ్ఛందంగా అమలులోకి వచ్చినది. మంచిదే. కాని సన్నని తీగ మీద ముద్రకు చోటు చాలదు. అక్కడ కొనేవారికి వర్తకుని మాటే ఆధారం. ఢిల్లీలో 1994లో వెలసిన దిల్లీ హాట్ వంటి చోట్ల పనివారికే పదిహేను రోజుల చొప్పున అంగళ్ళు కేటాయిస్తారు. అటువంటి చోట కొనేవారు, చేసినవారు ముఖాముఖి నిలబడతారు. అక్కడికి పోయే మన పనివారు రెండు జతల కొక్కేలు అదనంగా వెంట పెట్టుకొని, పాత జూకాలకు కూడ మార్చి ఇస్తే, ఆ పలుకుబడి ఏ ప్రకటన వల్లనూ రాదు.

ఆ పెద్దాయన నా మేనకోడలి జూకాలకు కొత్త కొక్కేలు పెట్టి ఇచ్చినాడు. తీగ లాగి, వంచి, నునుపు చేసి, తన చేతి వెనుక చర్మంపై కొనను రాచి చూసుకొన్న తరువాతనే నా చేతిలో పెట్టినాడు. ఎంత ఇవ్వమంటారని అడిగితే, "వెండి తూకమేస్కోండ్రి. కూలి మీ ఇష్టం" అన్నాడు. కూలి మన ఇష్టానికి వదలవలసిన స్థితిలో ఒక నిపుణుడు ఉండరాదు. అతని కూలిని జతకు ఇంత అని నిలబడి అడగగల ధైర్యం స్వంత వెండి ఉన్ననాడే వస్తుంది. ఆ స్వంత వెండిని సమకూర్చడమే ఈ వృత్తిలో గ్రామీణ పరపతి చేయవలసిన పని.